ఎక్కువసేపు ఆగే టికెట్టు

ఆ పొద్దున ఆకాశం సరిగ్గా పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. గట్టిగా కురవదు, అలాగని ఊరుకోదు. స్కూలు బస్సు నడిపే ఆవిడ గొడుగు విదిలించి, ముడిచి, హోటలు మెట్లెక్కింది.

హాలు నిండా జనం. అందరిదీ ఒకటే పిచ్చి. కార్డు గీకి పాయింట్లు కూడబెట్టడం, ఆ పాయింట్లతో విమానాలెక్కడం. ఏడాదికోసారి ఇలా ఒకచోట చేరి ఎవరి కిటుకులు వాళ్ళు చెప్పుకుంటారు. కొందరు చెప్పేది తక్కువ, గొప్పలు ఎక్కువ.

ఆవిడ కూడా తక్కువేం కాదు. బస్సుకి డీజిలు తన కార్డు మీదే పోయిస్తుంది, స్కూలువాళ్ళు తర్వాత ఇచ్చేస్తారు. ఇరుగుపొరుగు కరెంటు బిల్లులు కూడా తనే కట్టి డబ్బు పుచ్చుకుంటుంది. అలా కూడిన పాయింట్లు ఈ నెల దాటితే ఆవిరైపోతాయి. వెళ్ళాలంటే బడి సెలవుల్లోనే వెళ్ళాలి. సెలవుల్లో సీట్లు దొరకవు. ఏం తేలినా ఇవాళే తేలాలి.

పొద్దుటి ఉపన్యాసాలన్నీ ముందు వరసలో కూర్చుని వింది. అసలు కిటుకులు మైకు ముందు కాదు, భోజనాల దగ్గర బయటపడతాయని ఆవిడకి అర్థమైంది. ప్లేటు పట్టుకుని తిన్నగా వెళ్ళి మైళ్ళ మాస్టారి పక్కన కూర్చుంది. విమాన పాయింట్లని వాళ్ళ భాషలో మైళ్ళంటారు; ఆయన అసలు పేరు అక్కడెవరికీ గుర్తులేదు. దొరకని సీటు దొరికించడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

"చెప్పండమ్మా, ఎక్కడికి ప్రయాణం?" అన్నాడు మాస్టారు.

"పుట్టింటికండీ."

"శుభం. మధ్యలో ఆగినా గంటలో విమానం మారిపోయేట్టు చూస్తాను."

"అయ్యో, వద్దండీ! ఎక్కువసేపు ఆగాలి. ఎంత ఎక్కువైతే అంత మంచిది."

మాస్టారి చెంచా గాల్లోనే ఉండిపోయింది. ఎదురుగా కూర్చున్న పళ్ళ డాక్టరుకి నవ్వుతో పొలమారింది.

"పుట్టింటికి వెళ్తూ దారిలో కూర్చుంటానంటారేంటండీ! వదినగారంటే అంత హడలా?" అన్నాడు డాక్టరు.

"నాకు అన్నదమ్ములే లేరు బాబూ, వదినెక్కడిది!"

"మరి?"

"పోయినసారి దారిలో ఆ సముద్రం పక్క ఎయిర్‌పోర్టులో గంటన్నరే ఆపారు. సంచీ జిప్పు తీసేలోపే పిలిచేశారు. తిన్నట్టూ లేదు, కూర్చున్నట్టూ లేదు."

మాస్టారు తల గోక్కున్నాడు. "నా దగ్గరికొచ్చేవాళ్ళంతా ఆగకుండా పోవాలంటారు. ఆగాలన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నా. సరే, అలాగే చేద్దాం. దిగి ఊళ్ళోకి వెళ్ళి చూసి రండి. సముద్రం ఉంది, పెద్ద బజారుంది."

"బయటికెందుకులెండి. ఎయిర్‌పోర్టు హాల్లోనే బాగుంటుంది."

"ఆ ఇనప కుర్చీల్లోనా!"

"బస్సు సీటు కంటే నయమే."

"నా దగ్గర పన్ను పీకించుకునేవాళ్ళు కూడా నన్నిలాగే మెచ్చుకుంటే బాగుణ్ణు" అన్నాడు డాక్టరు.

ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు. గొంతు కాస్త తగ్గించి మాస్టారిని అడిగింది. "ఇంకో మాటండీ. నా కార్డు మీద ఎయిర్‌పోర్టు లాంజిలోకి, అదే ఆ విశ్రాంతి గదిలోకి, ఇంకొకర్ని తీసుకెళ్ళొచ్చు కదా. వాళ్ళు వేరే విమానంలో వచ్చినా రానిస్తారా?"

"అదీ సంగతి!" డాక్టరు బల్ల చరిచాడు. "మాస్టారూ, ఇది పుట్టింటి ప్రయాణం కాదు. ఎవరండీ ఆయన?"

"అల్లరి చేసే పిల్లల్ని బస్సు దింపేస్తుంటాను డాక్టరుగారూ. మిమ్మల్నీ దింపేస్తా."

బల్ల చుట్టూ నవ్వులు. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆవిడ ప్లేటులో అన్నీ వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయని ఆయన అప్పటికే చూశాడు.

"ఆ రోజు విమానం ఎక్కే టికెట్టు వాళ్ళ చేతిలో ఉంటే చాలమ్మా. ఎటునుంచి వచ్చారని ఎవరూ అడగరు" అన్నాడు.

ఫోను తీశాడు. సెలవుల వారం నొక్కాడు. లేవు. ఒకరోజు అటు, లేవు. ఒకరోజు ఇటు, లేవు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, సిగ్నలు దగ్గర ఎర్రలైటు చూస్తున్నట్టు ఆ తెరకేసి చూస్తోంది.

"మొత్తం దారి ఒకేసారి అడిగితే ఇది తొందరగా చేరేవే చూపిస్తుంది" అన్నాడు మాస్టారు. "ముక్కలుగా అడగాలి. ముందు ఆ ఎయిర్‌పోర్టు దాకా. తర్వాత అక్కణ్ణించి పైకి. ఇరవైనాలుగు గంటలు దాటనంతవరకూ ఎంతసేపు ఆగినా ఒక్క పాయింటు కూడా పెరగదు... ఆగండాగండి. దొరికింది! పొద్దున దిగితే మర్నాడు తెల్లవారుజామున గానీ రెండో విమానం లేదు. వేరేవాళ్ళకిస్తే నన్ను శాపనార్థాలు పెడతారు."

ఆవిడ తన వంతు మిఠాయి తీసి ఆయన ప్లేటులో పెట్టింది.

సెలవులొచ్చాయి. విమానం పొద్దున్నే దిగింది. లాంజి మూల బల్ల దగ్గర ఆవిడ సంచీ దించిన కాసేపటికి, చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ ఇంకొకావిడ పరుగున వచ్చింది. అదే ముక్కు, అదే నడక, కాస్త చిన్న వయసు. పోయినసారి ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి, ఒకరు చెప్పింది ఒకరికి వినబడనే లేదు. ఈసారి ఆ తొందర లేదు. ఆవిడ సంచీలోంచి తినుబండారాల డబ్బా తీసి మూత తెరిచింది. చిన్నావిడ చెయ్యి చాచి పెద్ద ముక్క తీసేసుకుంది, ఎప్పట్లాగే. ఆవిడ డబ్బాని ఇంకాస్త అటు జరిపింది.

గాజుగోడ అవతల విమానాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఇద్దరూ ఒక్క మాటా లేకుండా, నెమ్మదిగా, ఒకే డబ్బాలోంచి తింటున్నారు.

అక్క మెట్టిన దేశం చెల్లెల్ని రానివ్వదు, చెల్లెలు మెట్టిన దేశం అక్కని రానివ్వదు, గాజుగోడ అవతలి ఊరు ఇద్దర్నీ రానివ్వదు. పుట్టిన ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. వీసా అడగని ఆ మూల బల్లే వాళ్ళ పుట్టిల్లు.