ఆకుపచ్చ పెన్ను

“ఆ ఆకుపచ్చ పెన్ను లోపలెట్టు. ఇక్కడ నల్లదే వాడాల,” అన్నాడు పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ నరసింగరావు. “ఆయన చెప్పినదే నువ్వు దిద్దాల. నీకు తెలిసినది కాదు. సాయం చేసినావంటే ఇద్దర్నీ బయటికి పంపేస్తాను.”

స్వర్ణ సిగ్గుపడి పెన్ను సంచిలో వేసేసింది. పరీక్షలకి చదివే రోజుల్లో కొనుక్కున్న పెన్ను అది. “గెజిటెడ్ ఆఫీసరమ్మ వస్తంది, లెగండర్రా!” అని స్నేహితురాళ్లు ఏడిపించేవారు.

ఈ రోజు పరీక్ష ఆమెది కాదు. పక్క కుర్చీలో కూర్చున్న జేమ్స్‌ది. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. ప్రశ్న చదవడం, అతను చెప్పిన జవాబుకి జవాబు పత్రంలో సున్నా నల్లగా దిద్దడం స్వర్ణ పని. డిగ్రీ చదివినాయనకి ఇంటర్‌తో ఆపేసినవాళ్లే రాసిపెట్టాలన్నారు గనక తను వచ్చింది.

జేమ్స్ చేతులు జోడించి చిన్న ప్రార్థన చేసుకున్నాడు.

“కానీ సెల్లీ. ఇదే నాకు ఆఖరుది. వచ్చే ఏటికి వయసు దాటిపోతాది. ఈ కొలువొచ్చిందంటే మా అమ్మ జీడిపిక్కలు కొట్టడం మానేస్తాది.”

లెక్కలు టకటకా చెప్పాడు. రేడియో విని నేర్చుకున్న వర్తమాన విషయాల్లో తడబడిందే లేదు. ఈయనకి ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుంది స్వర్ణ.

స్వాతంత్య్రోద్యమం మీద ప్రశ్నలు మొదలయ్యాయి.

“బెంగాల్‌ని విభజించిన వైస్రాయ్ ఎవరు?” నాలుగు పేర్లూ చదివింది.

“డల్హౌసీ.”

స్వర్ణ చెయ్యి కర్జన్ దగ్గర ఆగిపోయింది.

“అన్నా, మళ్లీ చదవమంటావా?”

“ఎందుకమ్మా? బాగానే ఇన్నాను.”

డల్హౌసీకి దిద్దింది.

“చౌరీచౌరా తర్వాత ఆపేసిన ఉద్యమం?”

“క్విట్ ఇండియా.”

“హోంరూల్ లీగ్ పెట్టిన మహిళ?”

“సరోజినీ నాయుడు. దిద్దీ, దిద్దీ.”

మొదట్లో తనూ ఈ జవాబులే అనుకునేది. రెండేళ్లు కష్టపడి చదివాక అసలువి తెలిసొచ్చాయి. అయినా తను రాసిన ఉద్యోగ పరీక్ష నాలుగు మార్కుల్లో పోయింది. పుస్తకాలన్నీ నరసన్నపేటలో పాత పుస్తకాల కొట్టుకి ఇచ్చేసింది గానీ, చదివినది మాత్రం బుర్రలోంచి పోలేదు.

పోయినా బాగుండేది. జవాబు నాలుక మీదుంది. చెయ్యి తప్పు దిద్దుతోంది. పైగా తప్పుకి మార్కుల కోత.

ఒక ప్రశ్నకి ఉండబట్టలేక, సరైన జవాబుని కాస్త ఒత్తి చదివింది. నరసింగరావు వచ్చి వెనకాలే నిలబడ్డాడు. ఇంక కదల్లేదు.

“సెయ్యి నొచ్చిందా సెల్లీ?” అన్నాడు జేమ్స్. “నింపాదిగా దిద్దు. ఈ పాఠం నాకు బైబిలు వాక్యంలాగ వచ్చు.”

స్వర్ణ కళ్లు తుడుచుకుని, మరో తప్పు దిద్దింది.

బెల్లు కొట్టారు. గేటు దగ్గర జేమ్స్ తల్లి లీలారాణి ఎదురొచ్చింది.

“ఎలాగ రాసినావు బాబూ?”

“స్వాతంత్య్ర పోరాటం ఒక్కటీ పోలేదే అమ్మా! నువ్వు సదివినది సదివినట్టే సెప్పీసినాను.”

స్వర్ణ తల దించుకుంది. లీలారాణి జీడి మరకల వేళ్లతో ఆమె చెయ్యి పట్టుకుంది.

“నా సదువెంతమ్మా? ఈడు మళ్లినాక నేర్సినాను. కూడబలుక్కుని సదవతాను. నరసన్నపేటలో పాత పుస్తకం ఒకటి దొరికినాది. ఎనకాల జవాబుల కాగితాలు సిరిగిపోనాయి. ఇంకేటి సేస్తానని ఏడిసినాను. సూద్దును గదా, ఏ పున్నెం కట్టుకున్నోలో గానీ అన్నిటికీ జవాబు కాడ టిక్కులెట్టేసినారు! అవే సదివి ఈడికి కంఠతా పట్టించినాను.”

సంచిలోంచి పుస్తకం తీసి, మురిపెంగా తెరిచి చూపించింది.

పాఠం మొదలెట్టకముందు తనకెంత తెలుసో చూసుకుందామని, తోచినదానికల్లా స్వర్ణ తన ఆకుపచ్చ పెన్నుతో పెట్టుకున్న టిక్కులవి.