నీలిరెక్క ఎవరి ముందు ఎగిరింది?

పెద్దక్క అనే ముసలి అడవిబాతు ఏటా నూరు బాతుల్ని ముందుండి మంచుకొండలు దాటిస్తుంది. దాని వెనకే, రెండో స్థానంలో నీలిరెక్క అనే బాతు ఎగురుతుంది.

ఓరోజు పక్క చెరువు బాతులు, ఆరంటే ఆరు, నీలిరెక్క దగ్గరికొచ్చాయి. "మేం వెళ్ళేది ఏటి దాకానే. కానీ ముందు నువ్వే ఎగరాలి" అన్నాయి.

"వెళ్ళనా పెద్దక్కా?" అంది నీలిరెక్క, ఎటూ తేల్చుకోలేక.

"నిరుడు పొగమంచులో నేను కొండను గుద్దుకోబోతుంటే ఎవరే అరిచింది?"

"నేనే."

"అందుకే ఇంకా బతికున్నా. నీ వెనక అలా అరిచేవాళ్ళుంటే వెళ్ళు తల్లీ."

నీలిరెక్క ఆ ఆరింటినీ అడిగింది. "నేను దారి తప్పితే చెబుతారా?"

"అయ్యో, నీకు చెప్పేంతవాళ్ళమా!" అన్నాయి ఐదు బాతులు. ఆరోది కుంటి బాతు. అది మాత్రం ఏటివైపు చూస్తూ రెక్కలు దులుపుకుంది.

సరే, ఎగిరి చూద్దామని నీలిరెక్క గాల్లోకి లేచి, అలవాటు కొద్దీ కొండలవైపు తిరిగింది. ఐదు బాతులూ కిక్కురుమనకుండా వెంటపడ్డాయి.

"ఎక్కడికమ్మాయ్? ఏరు ఇటుంటే!" వెనక నుంచి కుంటి బాతు గొంతు చించుకుంది.

నీలిరెక్క పకపకా నవ్వి వెనక్కి తిరిగింది.

"ఇక నా వెనకే ఎగురు బాబాయ్. నేను మీతోనే వస్తున్నా."