ఏడో పేజీ మూల వార్త

జూలై తొమ్మిది. నేను రాసిన వార్తను ఒకరు పూర్తిగా చదవడం ఈరోజే చూశాను. అదీ కోర్టులో, నా మీద కేసు వాదిస్తున్న వకీలు!

ఆసుపత్రి నీళ్లలో మురుగు కలుస్తోందని ఏడో పేజీ మూలన రాశాను. మా అమ్మ కూడా చదవలేదు. ఆయన గొంతెత్తి చదువుతుంటే ఓడితే జైలుకు పోవాలన్న సంగతి మరిచి మురిసిపోయాను.

"తప్పు రాశానని రేపు ఒక్క మాట అనమ్మా, కేసు కొట్టేస్తారు," అన్నాడు మా వకీలు. వెంటనే తలూపాను. మహా ధైర్యవంతురాలిని కదా!

బయటికి రాగానే కోర్టు గుమ్మం దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఆ నీళ్ల మాట నిజమేనా? మా చెల్లెలు పురిటికి అక్కడే ఉంది."

"నిజమే అక్కా. చుక్క కూడా తాగనివ్వకు."

రేపు పొద్దున జడ్జిగారికీ అదే చెప్పాలి. బట్టల సంచి సర్దుకునే వెళ్తాను.