వరద తగ్గిన వాగులో

"గాలం దేనికో తగులుకుందక్కా!" మోకాల్లోతు నీళ్ళలోంచి అరిచాడు ఎక్రెం. వరద తగ్గాక ట్రౌట్ చేపల కోసం వాగులో దిగడం అదే మొదలు.

"తెంపెయ్యరా," అంది ఒడ్డునున్న అల్మాస.

"పొద్దున్నంతా కూర్చుని ఈకలతో ఈగలా కట్టిన ఎర! తెంపాలట!" నాలుగడుగులు వేసి బురదలోంచి రేకొకటి పైకి లాగాడు. ఎర్రటి రేకు మీద తెల్లటి పుర్రె.

అల్మాస ముఖం పాలిపోయింది. బోస్నియా యుద్ధం నాటి నుంచీ కొండమీద మందుపాతరలున్న చోట నిలబెట్టిన బోర్డు అది.

"కదలకు!"

"బోర్డేగా, కరుస్తుందా?"

"బోర్డొక్కటే కొట్టుకొచ్చిందనుకుంటున్నావా?"

ఎక్రెం నవ్వు ఆగిపోయింది. బురదనీళ్ళలో తన కాళ్ళు తనకే కనపడటం లేదు.

"ఇక్కడిదాకా ఎటునుంచి నడిచొచ్చానక్కా?"

అల్మాస నోరు తెరిచింది గానీ, ఆమెకూ గుర్తు రాలేదు.