శనివలయంలో సమ్మె

“విన్నావా, మళ్ళీ రాశాడు!” అంటూ అనంతపద్మనాభం ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

“ఎవరు?” పెసరట్టు తిరగేస్తూ అడిగింది అతని భార్య త్రిపురసుందరి.

“ఇంకెవరు, మంచుకూలీ! విను. ‘గురువుగోరూ, ఈ వారం బాగా కుదిరినాది. మరి సక్కరవర్తి ఊరుకుంటాడేటి? సైన్యాన్ని దింపితే జనం ఇంకా గట్టిబడిపోతారు గదా. ఆడేటి సేస్తాడో పూసగుచ్చినట్టు సెప్పాల.’ చూశావా, ఏం రాజకీయ చైతన్యం!”

శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పే అనంతపద్మనాభం కథల యాప్‌లో ‘శనివలయం’ అనే సీరియల్ రాస్తున్నాడు. అందులో అంతరిక్ష నౌకలూ, కిరణాయుధాలూ ఉన్నా అతని గురి అంతా రాజకీయం మీదే. శనివలయంలో మంచుగడ్డలు తవ్వే కూలీలు చక్రవర్తి మీద సమ్మె కట్టారు. కాకతాళీయంగా అదే సమయానికి సముద్రం ఒడ్డున రొయ్యల ఫ్యాక్టరీలో ఆడకూలీలు కూడా సమ్మెకు దిగారు. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే మనుషులు. కామెంటు కింద ‘మంచుకూలీ’ అన్న పేరు చూడగానే వాళ్ళలోనో, వాళ్ళ మగవాళ్ళలోనో ఎవరో తన పాఠకుడని అనంతపద్మనాభానికి అర్థమైపోయింది.

ఆ సాయంత్రమే బస్సెక్కి సమ్మె శిబిరానికి వెళ్ళాడు. వాళ్ళ నాయకురాలు దేముడమ్మ కుర్చీ తుడిచి వేసింది.

“మా పిల్ల కుమారి ఫోన్లో మీ కత సదివి ఇనిపిస్తాది బాబూ. ఆ మంచు గోతుల్లో ఆడోళ్ళు మాలాగే ఉన్నారు.”

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. “మీవాళ్ళలో ‘మంచుకూలీ’ ఎవరమ్మా?”

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఉద్యోగం పోతుందన్న భయంతో బయటపడటం లేదనుకుని, అతను మళ్ళీ అడగలేదు.

ఇంటికొచ్చి కొత్త భాగం రాశాడు. చక్రవర్తి సైన్యాన్ని దింపలేదు. కూలీల్లో కొందరిని ఏరి దళనాయికలన్నాడు. నెత్తిన నీలం టోపీ పెట్టాడు. జీతం కాస్త పెంచి, అన్నం తినడానికి వెచ్చటి గది చూపించాడు. టోపీ దొరకనివాళ్ళు దొరికినవాళ్ళను అనుమానించడం మొదలుపెట్టారు.

“రాజుగారికి ఉపాయాలన్నీ మీరే అందిస్తున్నారేమిటి?” చదివి అంది త్రిపురసుందరి.

“శత్రువును వెర్రివాడిగా రాస్తే అది పురాణమవుతుంది, రాజకీయ నవల కాదు.”

మంచుకూలీ వెంటనే స్పందించాడు. ‘బలే సెప్పినారు గురువుగోరూ! టోపీలు ముందు ఎవులికిత్తాడు? నాయకురాలికా, దాని పక్కనున్నోళ్ళకా?’

అనంతపద్మనాభం ఉబ్బిపోయి జవాబిచ్చాడు. ‘నాయకురాలికి ఎప్పుడూ ఇవ్వడు మిత్రమా! పక్కవాళ్ళకిచ్చి ఆమెను ఒంటరిని చేస్తాడు.’

కొన్నాళ్ళకు మళ్ళీ శిబిరానికి వెళ్ళేసరికి పందిట్లో దేముడమ్మ, ఇద్దరు ముసలమ్మలు మిగిలారు.

“నీలం టోపీలిచ్చినారు బాబూ,” అందామె నేల చూస్తూ. “లైన్ లీడర్లంట. నా తోడికోడలు టోపీ ఎట్టుకుని పన్లోకి పోనాది. దాన్ని సూసి అందరూ పోనారు. నన్ను పన్లోంచి తీసేసినారు. కుమారి సదువు మానేత్తానంటన్నాది.”

అతను జేబులో ఉన్నదంతా ఆమె చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. కానీ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, దుఃఖం అడుగు నుంచి మరేదో పైకి తేలింది. తను ఊహించింది ఊహించినట్టే జరిగింది! శనివలయమైనా, శ్రీకాకుళం తీరమైనా పాలకవర్గం నడత ఒక్కటే. ఇంతకన్నా రుజువేం కావాలి?

మర్నాడు మంచుకూలీ కబురు పంపాడు. ‘ఆదోరం మీ ఇంటికొత్తన్నాను గురువుగోరూ. మీ కాళ్ళకి దణ్ణమెట్టుకోవాల.’

“పులిహోర, పనసపొట్టు కూర చెయ్యి,” అన్నాడు భార్యతో. “కార్మికవర్గం మొదటిసారి మన గడప తొక్కబోతోంది.”

“రోజూ మన అంట్లు తోమే అసిరమ్మది ఏ వర్గమో!” అనేసి ఆవిడ చింతపండు నానబెట్టింది.

ఆదివారం పదింటికల్లా అనంతపద్మనాభం ఖద్దరు చొక్కా తొడుక్కుని వీధి అరుగు మీద నిలబడ్డాడు. తెల్లకారొకటి వచ్చి ఆగింది. ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఒక యువకుడు దిగాడు. చేతిలో శాలువా, మిఠాయి పెట్టె.

“నమస్కారమండీ. నా పేరు మోహనకృష్ణ. రొయ్యల ఫ్యాక్టరీలో కూలీల వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజర్ని.”

అనంతపద్మనాభం గుమ్మానికి అడ్డంగా జరిగాడు.  “నా కలాన్ని కొనడానికి వచ్చారా, బెదిరించడానికా? వచ్చే భాగంలో కూలీలు మళ్ళీ ఏకమవుతారు. మీ శాలువాలు నన్ను ఆపలేవు!”

“అయ్యో, ఎంతమాట! లోపల కూర్చుని మాట్లాడుకుందామండీ.”

“కుదరదు. నాకోసం ఒక కార్మిక మిత్రుడు వస్తున్నాడు. మిమ్మల్ని ఇక్కడ చూస్తే భయపడి వెనక్కి పోతాడు. దయచేసి వెళ్ళండి.”

మోహనకృష్ణ వెళ్ళలేదు. చెప్పులు విడిచి, అరుగెక్కి, శాలువా అతని భుజాల చుట్టూ భక్తిగా కప్పి, వంగి పాదాలకు దణ్ణం పెట్టాడు.

“మంచుకూలీని నేనే గురువుగోరూ.”