మోటారు గదిలో మూడో రాత్రి

చిరాగ్‌పల్లి దగ్గర చెరకు తోటలో, మోటారు గదికి బయట తాళం వేసి పూజిత మెట్టు మీద కూర్చుంది. లోపల మహిధర్ ఉన్నాడు. ప్రేమించుకున్న కొత్తలో ఇద్దరూ కలిసే మత్తుమందుకు అలవాటు పడ్డారు. ఆమె నాలుగు నెలల క్రితం మానేసింది. అతను మానేసి ఇది మూడో రాత్రి.

"నేనెంత మొత్తుకున్నా తాళం తియ్యకు" అని అతనే ఒట్టు వేయించుకున్నాడు.

చాలాసేపు తలుపు బాదాడు, ఏడ్చాడు, తిట్టాడు. తర్వాత ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. ముంబై రోడ్డు మీది లారీల మోత కూడా వినిపించలేదు.

"మహీ, మంచిగున్నవా?"

"మంచిగున్న. ఇగ ఫికర్ లేదు. జర నీళ్లియ్యి, ఇద్దరికి."

"ఇద్దరెవరు?"

ఆ గదికి కిటికీ లేదు. తాళం వేసే ముందు, మత్తుమందు దాచాడేమోనని మూలమూలా ఆమే వెతికింది. పూజిత తలుపుకు చెవి ఆనించింది. లోపల మహిధర్ మెల్లగా నవ్వుతున్నాడు. నవ్వు మధ్యలో ఒక ఆడగొంతు వినిపించింది. అది అచ్చం పూజిత గొంతే.

"అది తాళం తియ్యదు మహీ. చెయ్యి ఇటియ్యి. నీకు కావాల్సింది నేను తెచ్చిన."

మహీ అని అరవబోయి పూజిత నోరు తెరిచింది. గొంతు రాలేదు. అది తలుపు అవతల, మహిధర్ పక్కనే ఉండిపోయింది.