డబ్బా పచ్చగానే ఉంది

కోదాడ ఫంక్షన్ హాల్లో మేనకోడలి ఓణీల ఫంక్షన్. పిల్ల నెత్తిన అక్షింతలు వేసి, ఆ చెయ్యి దులుపుకోకుండానే నాగేశ్వర్ రావు జేబులోంచి ఫోను తీశాడు. తెర మీద ఒక ఇనుప డబ్బా, దాని మీద చిన్న పచ్చదీపం. దీపం వెలుగుతోంది. ఆయన ముఖమూ వెలిగింది.

“ఇక్కడికొచ్చినా ఆ ఫోనేనా బావా?” అన్నాడు పిల్ల తండ్రి, బావమరిది అరవింద్.

బావ బాధ బావది. మిర్యాలగూడలో ఆయనకు రైస్ మిల్లు ఉంది. ఆ మిల్లుకు ప్రాణం సార్టర్ మిషన్. బియ్యంలో నల్ల గింజల్ని ఏరి అవతల పారేసేది అదే. నిరుడు యాసంగి వడ్లు ముమ్మరంగా వస్తున్నప్పుడు పిడుగు పడి దాని బోర్డులు మాడిపోయాయి. కోయంబత్తూరు నుంచి మెకానిక్ వచ్చి బాగుచేసేసరికి సీజన్ అయిపోయింది. పాత బేరగాళ్ళు సగం మంది పక్క మిల్లుకు పోయారు. మళ్ళీ అదే జరిగితే మిగతా సగమూ పోతారు. మబ్బు కనిపిస్తే ఆయనకు ముద్ద దిగేది కాదు.

అందుకే సర్జ్ ప్రొటెక్టర్ కొన్నాడు. మిల్లులో దాన్ని పిడుగు డబ్బా అంటారు. ఏ లైనుకు కలిపితే ఆ లైను మీదున్న సామాన్లను అది పిడుగు పోటు నుంచి కాస్తుంది. పచ్చదీపం ఉంటే డబ్బా బతికున్నట్టు, ఎర్రబడితే పనైపోయినట్టు. కంపెనీ ఇంజనీరు శిల్ప ఇదంతా చెప్పి, వారానికోసారి చూసుకుంటే చాలంది.

వారానికోసారా? నాగేశ్వర్ రావు ఏం తక్కువ తిన్నాడు? డబ్బా బిగించకముందే, దాని దీపం చూడటానికి గోడకు కెమెరా కొట్టించాడు. కరెంటు పోయినా కెమెరా కన్ను మూయకూడదని దానికి వేరే లైనూ, ఇన్వర్టరూ పెట్టించాడు. ఆ తర్వాత పంతులుగారి చేత డబ్బాకు ముహూర్తం పెట్టించాడు.

ముహూర్తం నాడు మిల్లు ఎలక్ట్రీషియన్ హరిలాల్ నసిగాడు. మెయిన్ బోర్డులో డబ్బా కలపాలంటే మిల్లు కాసేపు ఆపాలన్నాడు.

“సీజన్ల మిల్లు బంద్ పెడ్తమా? మిల్లు ఆగొద్దు, ముహూర్తం దాటొద్దు, పచ్చలైటు వెలగాలె. ఎట్ల జేస్తవో నాకు తెల్వదు.”

హరిలాల్ బుర్ర గోక్కున్నాడు. పంతులుగారి మంత్రాలు పూర్తయ్యేలోపు ఏవో తంటాలు పడ్డాడు. మిల్లు ఆగలేదు, ముహూర్తం దాటలేదు, పచ్చదీపం వెలిగింది. నాగేశ్వర్ రావు స్వయంగా డబ్బాకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. అంతలోనే కెమెరాలో ఆ ఎరుపు చూసి గుండె ఆగినంత పనై, కుంకుమ తుడిచేసి పసుపుతోనే సరిపెట్టాడు.

తర్వాత హరిలాల్ ఒకటి రెండుసార్లు, చిన్న పని మిగిలిందని, ఒక్కపూట మిల్లు ఆపితే అయిపోతుందని గొణిగాడు. పచ్చగా వెలిగేదానికి ఇంకా పనేమిటని సేటు కసిరాడు. పనివాళ్ళు టీ తాగడానికి ఎన్ని సాకులైనా చెబుతారని ఆయన గట్టి నమ్మకం. హరిలాల్ అడగడం మానేశాడు.

ఇక లేస్తే పచ్చదీపం, కూర్చుంటే పచ్చదీపం. ఒంట్లో బాగాలేదని భార్య విజయలక్ష్మి చెబితే, ఫోను వైపే చూస్తూ “మంచిగనే ఉందిలే” అన్నాడు.

ఇప్పుడు కోదాడలో భోజనాలకు కూర్చున్నారు. బయట ఉరిమింది. మిర్యాలగూడ వైపు ఆకాశం నల్లబడింది. అరవింద్‌కూ ఒక మిల్లుంది; వెంటనే అక్కడికి ఫోన్ చేసి మెయిన్ స్విచ్ దించేయమన్నాడు. అదే సమయానికి నాగేశ్వర్ రావుకు హరిలాల్ ఫోన్ వచ్చింది.

“సేటు, ఈడ పిడుగులు పడ్తున్నయ్. మిల్లు బంద్ జేసి సార్టర్ లైను ఊడదీస్త.”

“డబ్బా పచ్చగ లేదా?”

“పచ్చగనే ఉంది సేటు, గని…”

“మరింకేంది? నడువనియ్.”

ఫోను పెట్టేసి బావమరిదిని జాలిగా చూశాడు. ఉరిమితే మెయిన్ దించడం తాతలనాటి పద్ధతని నవ్వాడు. ఫోన్ను మంచినీళ్ళ సీసాకు ఆనించి పెట్టాడు. పక్క విస్తళ్ళవాళ్ళు కూడా మెడలు సాచి చూశారు. తెర ఒక్కసారి తెల్లగా మెరిసింది. మరుక్షణం మిల్లంతా చీకటి. ఆ చీకట్లో పచ్చదీపం ఒక్కటే నిక్షేపంగా వెలుగుతోంది.

“సూసినవా బామ్మర్దీ? కరెంటు పోయినా నా డబ్బా రెప్ప వెయ్యలే.”

సూర్యాపేట నుంచి వచ్చిన చుట్టం అలాంటిదే తనకూ ఒకటి ఇప్పించమని అడిగాడు. ఆ ఊపులో నాగేశ్వర్ రావు ఇంకో బొబ్బట్టు వేయించుకున్నాడు.

సాయంత్రం మిల్లు గేటు దగ్గరే కమురు వాసన కొట్టింది. సార్టర్ బోర్డులు నిరుటి లాగే మాడిపోయి ఉన్నాయి. సరుకు కోసం వచ్చిన లారీలు అప్పుడే పక్క మిల్లు వైపు మళ్ళుతున్నాయి. నాగేశ్వర్ రావుకు ఏడుపొచ్చింది. కాసేపటికి కోపమొచ్చింది. ఏడుపు కంటే కోపమే నయమనిపించి, శిల్పకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు.

మర్నాడు ఆమె వచ్చింది. దొంగ సరుకు అంటగట్టారని, కోర్టుకు లాగుతానని ఆయన ఎగిరాడు. సాక్ష్యం కూడా ఉందని ఫోనులో రికార్డింగు తిప్పి తిప్పి చూపించాడు. పిడుగుకు ముందు పచ్చగా, పిడుగు పడ్డప్పుడు పచ్చగా, పడ్డాక పచ్చగా.

“దీపం పచ్చగ ఉంటే సార్టర్ ఎట్ల కాలుతదమ్మా?”

శిల్ప డబ్బా మూత తీయమంది. హరిలాల్ తల వంచుకుని తీశాడు. మిల్లు ఎలాగూ ఆగే ఉంది. ఆమె డబ్బాలోంచి వచ్చే తీగ మీద వేలు పెట్టి, అది ఎటు పోతే అటు నడిచింది. వెనకాలే నాగేశ్వర్ రావు నడిచాడు.

తీగ మెయిన్ బోర్డు వైపు కన్నెత్తి కూడా చూడకుండా, గోడ పట్టుకుని పైకెక్కి, పచ్చదీపాన్ని చూడటానికి ఆయన కొట్టించిన కెమెరా లైనులోకి దూరింది.